ఉద్యోగం విదేశానిది... బాధ్యత ఎవరిది?

ఉదయగిరి చెక్క స్పూన్లకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంట్లో తయారుచేసి బయట అమ్ముకోవడం ఆ ఊరికి కొత్త కాదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట మండలాల నుంచి బతుకుతెరువు కోసం గల్ఫ్ వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు అక్కడ డిగ్రీ, బీటెక్ చదువుతున్నవాళ్ల ముందున్నవీ దాదాపు ఈ రెండు దారులే. ఒకటి ఊళ్లోనే ఉండి విదేశీ కంపెనీకి పనిచేయడం, రెండోది విదేశానికే వెళ్లిపోవడం. రెండింట్లోనూ ముందు జీతమే కనిపిస్తుంది. దాని వెనకాల వచ్చే బాధ్యతలు తర్వాత తెలుస్తాయి. అవేంటో సంతకానికి ముందే చూసుకోవాలి.

ఇంటి నుంచే అయితే...

మన దేశంలో ఆఫీసు లేని విదేశీ కంపెనీలు చాలావరకు మనల్ని ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టరుగా తీసుకుంటాయి. పీఎఫ్, జీతంతో కూడిన సెలవులు ఉండవు. ఆఫీసులో హెచ్‌ఆర్, అకౌంట్స్ వాళ్లు చూసుకునే పనులన్నీ మీ మీదే పడతాయి.

• పన్ను: డబ్బు అమెరికా నుంచి వచ్చినా మీరుండేది ఆత్మకూరులో కాబట్టి ఆదాయపు పన్ను ఇక్కడే. టీడీఎస్ పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఏడాదికి కట్టాల్సిన పన్ను రూ.10 వేలు దాటేలా ఉంటే ముందస్తు పన్ను మీరే కట్టాలి. పన్ను పడకపోయినా రిటర్న్ వేయడం మంచిది. రేపు లోన్‌కో, వీసాకో అదే ఆధారం. ఏడాది వసూళ్లు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చూసుకోవాలి.

• కాగితాలు: ప్రతి నెలా ఇన్వాయిస్ పంపాలి. డబ్బు వచ్చాక బ్యాంకు ఇచ్చే విదేశీ చెల్లింపు పత్రం దాచుకోవాలి. అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ ఫారం అడిగితే కంగారు పడొద్దు. మీరు అక్కడి పౌరులో, నివాసులో కాదని చెప్పే కాగితమే అది. డిపాజిట్ కట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా మాత్రం అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

• టైమ్: న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 6.30. వాళ్ల చలికాలంలో అది 7.30 అవుతుంది. మీటింగ్ మధ్యలో కరెంటు పోయిందంటే క్లయింట్ ఒకసారి వింటాడు, రెండోసారి వినడు. ఇన్వర్టర్, రెండో నెట్‌వర్క్ సిమ్ ఖర్చును కూడా జీతంలో లెక్కేసుకోవాలి.

• డేటా: యూరప్ కస్టమర్ల వివరాలతో పనిచేస్తే 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ నిబంధనలు కంపెనీకి వర్తిస్తాయి. కాంట్రాక్టు ద్వారా ఆ బాధ్యత మీ దాకా వస్తుంది. ఫైళ్లను సొంత డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం, ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో తెరవడం కుదరదు.

విదేశానికి వెళ్తే...

అక్కడ జీతం, సెలవులు కంపెనీ చూస్తుంది. కానీ మీరు ఆ దేశంలో ఉండే హక్కు కూడా చాలావరకు ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. కువైట్‌లో నివాస అనుమతి స్పాన్సర్ మీద ఆధారపడుతుంది. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లోపు మరో దారి చూసుకోవాలి. సాయంత్రాలు ఇంకో పని చేసుకుందామంటే వీసా ఒప్పుకోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పది పాసవనివాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. చదువుకున్నవాళ్లకు అది అక్కర్లేదు. వినడానికి సౌకర్యంగానే ఉంటుంది కానీ, మీ కాంట్రాక్టును మీ తరఫున తనిఖీ చేసేవాళ్లు లేరన్నమాట. ఆ పని మీరే చేయాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జి రూ.30 వేలు, దానిపై జీఎస్టీ.

చూసుకోకపోతే ఏమవుతుందో 2024లో మన రాష్ట్రమే చూసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి పంపిన ఆంధ్ర యువకులు కంబోడియాలో సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతుల్లో చిక్కుకున్నారు. విశాఖ పోలీసులు కేసులు పెట్టారు. టూరిస్ట్ వీసా మీద రమ్మని, వర్క్ పర్మిట్ అక్కడికొచ్చాక ఇస్తామంటే అక్కడే ఆగిపోండి.

సంతకానికి ముందు అడగాల్సినవి

1. నేను ఉద్యోగినా, కాంట్రాక్టరునా?
2. పన్ను ఏ దేశంలో, ఎవరు కట్టాలి?
3. గొడవ వస్తే ఏ దేశ చట్టం వర్తిస్తుంది?
4. నేను రాసిన కోడ్, చేసిన డిజైన్ ఎవరి సొంతం?
5. మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, ఎంత ఖర్చు?

వీటికి జవాబులు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. నిజమైన కంపెనీ ఈ ప్రశ్నలకు విసుక్కోదు. తర్వాత జీతంలోంచి పన్ను, ఇన్సూరెన్సు, ఇంటర్నెట్ లేదా అద్దె, టికెట్ ఖర్చులు తీసేయండి. మిగిలిందే మీ అసలు జీతం. ఊళ్లో ఉండాలా, విమానం ఎక్కాలా అన్నది ఆ అంకె చూసి తేల్చుకోండి.