గొంతు అరిగిన రైఫిల్ గురి తప్పుతుంది

ఎల్బీనగర్: దిల్‌సుఖ్‌నగర్ దాటి, ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా విజయవాడ రోడ్డు పట్టి పోతే వనస్థలిపురం వద్ద కంచె వెనుక చిట్టడవి కన్పిస్తుంది. అదే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడది నిజాం వేటస్థలం. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టి కృష్ణజింకలకు ఆశ్రయం కల్పించారు. 1994లో అది జాతీయవనమైంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట పూర్తిగా ఆగిపోయింది.

వేట ఆగినా రైఫిల్‌తో పని తీరలేదు. మక్క, వేరుశనగ చేలను అడవిపందులు తవ్విపోస్తుంటే అధికారుల అనుమతి పొందిన షూటర్లు నేటికీ తుపాకి పట్టవలసి వస్తున్నది. అక్కడే ఒక ప్రశ్న వుంది. ఆ తుపాకి గొట్టం ఏ స్థితిలో వుంది?

నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా వుంటుంది. రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులుంటాయి. అవి తూటాను బొంగరంలా తిప్పి సూటిగా పంపుతాయి. తూటా గదిని దాటి గాడులు మొదలయ్యే చోటును ‘గొంతు’ అంటారు. గొట్టం మొదట అరిగేది అక్కడే.

తూటాతో రాపిడి వల్లనే అరుగుతుందనుకుంటే పొరపాటు. అసలు దెబ్బ నిప్పుది. మందు మండినప్పుడు పుట్టే వాయువు వేడి 2,500 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు సుమారు 1,500 డిగ్రీలకే కరుగుతుంది. ఆ వేడి లిప్తకాలమే వుంటుంది కనుక గొట్టం నిలుస్తుంది. కానీ లోపలి పొర పెళుసెక్కి, ఎండిన చెరువు అడుగులా నెర్రెలిస్తుంది. తర్వాతి ప్రతి తూటాకూ ఆ నెర్రెలు కోసుకుపోయి గాడులు చెరిగిపోతాయి.

సన్నని గొట్టంలో ఎక్కువ మందు మండితే నష్టం యింకా ఎక్కువ. 1935లో అమెరికాలో వచ్చిన .220 స్విఫ్ట్ తూటా సెకనుకు 1,200 మీటర్ల వేగం అందుకుంది. గొట్టాలను త్వరగా తినేస్తుందన్న పేరూ తెచ్చుకుంది. నెమ్మదైన తూటాలు వాడే రైఫిల్ నాలుగైదు వేల గుండ్ల వరకు గురి నిలుపుకోగలిగితే, అతివేగపు రైఫిళ్లు కొన్ని వెయ్యి, పదిహేను వందలకే గురి కోల్పోతాయి. గొట్టం చల్లారకముందే వరుసగా కాలిస్తే ఆయుష్షు యింకా తగ్గుతుంది.

పైకి నిగనిగలాడే రైఫిల్ లోపల గొంతు పోయి వుండవచ్చు. మునుపు ఒకేచోట తగిలిన గుండ్లు చెదిరిపోవడం మొదటి గుర్తు. పొలంలో యిది చిన్న విషయం కాదు. గుండెకు తగలవలసిన తూటా పొట్టకు తగిలితే పంది చావదు. గాయంతో పక్కచేనులో దూరి, తెల్లవారి కలుపుకు వచ్చిన కూలీల మీద పడుతుంది. నోరులేని జీవానికీ అది నరకయాతన.

అందుచేత వేసిన గుండ్లకు లెక్క రాసుకోవాలి. రెండు గుండ్ల మధ్య గొట్టాన్ని చల్లారనివ్వాలి. పనికి ముందు అనుమతిగల స్థలంలో అట్టపై గురి చూసుకోవాలి. అనుమానం వస్తే లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించాలి. షూటరు వచ్చినప్పుడు ‘గురి ఎప్పుడు సరిచూశారు?’ అని అడగడానికి రైతు మొహమాటపడనవసరం లేదు. కొడవలికి పదును చూడనిదే కోతకు దిగం కదా!