ఉత్తరమెక్కిన కలివికోడి

నిజామాబాద్ జిల్లా మెండోర మండలం పోచంపాడు దగ్గర గోదావరికి అడ్డంగా శ్రీరాంసాగర్ ఆనకట్ట ఉంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గాక తేలిన నేలలో గడ్డి మొలుస్తుంది, దాన్ని మేయడానికి కృష్ణజింకల మందలు వస్తాయి. హోలీ నాటికి మోదుగ ఎర్రగా విరబూస్తుంది. ఎండలు ముదిరాక రేల వంతు. మోదుగ ఆకులతో విస్తళ్లు కుట్టినవాళ్లకు, పూలు మరగబెట్టి హోలీ రంగు తీసినవాళ్లకు ఆ చెట్టు గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అదే చెట్టు 1981లో తపాలా బిళ్ల మీదికెక్కింది. రేల పూలు 2000లో మొదలైన ప్రకృతి వరుసలో ఇరవై రూపాయల స్టాంపు మీద వేలాడాయి.

స్వాతంత్ర్యానికి ముందు ఈ ప్రాంతపు ఉత్తరాలకు ఇలాంటి బొమ్మల యోగం లేదు. నిజాం సంస్థానం 1869లోనే సొంత స్టాంపులు తెచ్చింది. 1871 నాటి బిళ్లల మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. తర్వాత చార్మినార్, ఉస్మాన్‌సాగర్ వంటి కట్టడాల బొమ్మలు వచ్చాయి. బ్రిటిష్ ఇండియా స్టాంపుల మీద రాజుగారి తల తప్పనిసరి. 1937లో ఎద్దుల బండి, ఒంటె కనిపించాయంటే అవి టపా మోసినందుకే. నౌకరీ చేస్తే తప్ప జంతువుకు స్టాంపు మీద చోటు దొరకని కాలం అది! కెనడా అప్పటికి ఎంతో ముందే, 1851లోనే, బీవర్ బొమ్మతో స్టాంపు వేసింది.

స్వతంత్ర భారతంలో 1962లో ఖడ్గమృగం వచ్చింది. మరుసటి ఏడాది అడవిదున్న, ఎర్రపాండా, ఏనుగు, పులి, సింహం వరుసకట్టాయి. ఇవన్నీ స్మారక స్టాంపులు. పరిమిత సంఖ్యలో అచ్చవుతాయి, అయిపోతే మళ్లీ రావు. రోజువారీ ఉత్తరాలకు అంటించే మామూలు స్టాంపులు అలా కాదు, ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉంటాయి. 1967లో ఎనిమిది పైసల బిళ్ల మీద నిలబడ్డ చుక్కల దుప్పి ఈ రెండో రకం. సింహాన్ని ఆల్బంలో దాచుకున్నవాళ్లు దుప్పిని మాత్రం ఉత్తరానికి అంటించి పంపేశారు.

తెలుగు నేలకు సంబంధించి అన్నిటికన్నా గొప్ప కథ కలివికోడిది. దాన్ని 1848 ప్రాంతంలో థామస్ జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత కనిపించలేదు. ఇక లేదనే అనుకున్నారు. పగలంతా ముళ్లపొదల నీడలో నక్కి రాత్రి తిరిగే పక్షిని పగటిపూట బైనాక్యులర్లతో వెతికితే దొరుకుతుందా? 1986 జనవరిలో కడప జిల్లాలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాని జాడ పట్టాడు. నిజానికి పక్షిని చేత్తో పట్టింది రాత్రి వేటలో ఆరితేరిన స్థానికుడు. చదువుకున్నవాళ్లు ఎనభై ఆరేళ్లు పోగొట్టుకున్న పిట్టను దీపం పట్టుకుని పొదల్లో తిరిగేవాడు తెచ్చివ్వడంలో వింతేమీ లేదు.

రెండేళ్లకు, 1988 అక్టోబరులో, తపాలా శాఖ దాని మీద స్టాంపు విడుదల చేసింది. రొమ్ము మీద రెండు అడ్డపట్టీలు, పొడవాటి కాళ్లు, చీకట్లో చూడగల పెద్ద కళ్లు. ఆ పక్షిని కళ్లారా చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లకు అది తెలిసింది ఈ రంపపు అంచుల కాగితం ముక్క వల్లే. లంకమల అడవిని దానికి అభయారణ్యం చేశారు. అయినా తెలుగుగంగ కాలువ తవ్వకంతో దాని పొదలకు ముప్పు తప్పలేదు. స్టాంపు గౌరవమే ఇస్తుంది, కాపలా కాయలేదు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ శతజయంతికి 1996లో వేసిన స్టాంపుల్లో ఎర్రకాళ్ల కొంగలున్నాయి. అనంతపురం వైపు వీరాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టుకుంటే ఊరంతా కాపాడుకునే కొంగలే అవి. 2010లో ఊరపిచ్చుకకూ చోటిచ్చారు. ఇంటి చూరులోని పిట్ట స్టాంపెక్కిందంటే సంతోషించాలో, దిగులుపడాలో అర్థం కాదు.

ఇప్పుడు స్పీడ్ పోస్టు కవరు మీద బార్‌కోడ్ చీటీ తప్ప బొమ్మ కనబడటం అరుదు. కావాలంటే హైదరాబాద్ అబిడ్స్ జీపీవోలోని ఫిలాటెలిక్ బ్యూరోలో అడిగి కొనుక్కోవాలి. బడిపిల్లలకు ఈ సరదా అంటించడానికి తపాలా శాఖ 2017లో ‘దీన్‌దయాళ్ స్పర్శ్’ పథకం పెట్టింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివేవాళ్లలో ఎంపికైనవారికి ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తారు. మెండోర పిల్లలు పోటీకి దిగితే, మోదుగ గురించీ రేల గురించీ రాయడానికి వాళ్లకు పుస్తకం చూడాల్సిన అవసరం రాదు.