దాగలిని ఎన్నుకొనుట

కొలిమిలో కాగిన ఇనుము ఎఱ్ఱగా నుండునది కొన్ని క్షణములు మాత్రమే. ఆ స్వల్పకాలములోనే కమ్మరి దానిని కొడవలిగానో, కఱ్ఱుగానో మలచవలెను. ఇనుము నుంచి కొట్టెడి దిమ్మకు దాగలి యని పేరు. అది మంచిది కానిచో సమ్మెట దెబ్బలోని బలము వ్యర్థమగును. బొగ్గు దండుగ యగును. కావున కొద్ది ధనముతో దాగలిని కొనువాడు ముందుగా దాని గుణమును పరీక్షింపవలెను.

చిన్న ఉక్కుగుండును జానెడెత్తునుండి దాగలి ముఖముపై విడువవలెను. ముఖము గట్టి ఉక్కైనచో గుండు చాలవఱకు పైకెగయును. మెత్తని ఇనుమైనచో కొంచెముగా లేచి ఆగిపోవును. పోత ఇనుప దాగలి చౌకగా దొరకును గాని, దాని అంచులు దెబ్బలకు పెళ్ళలుగా ఊడిపోవును.

మంచి దాగలిని కొనలేనివానికి పాత రైలుపట్టా ముక్క చాలును. మీటరుకు 60 కిలోగ్రాములు తూగు పట్టాలో అరమీటరు ముక్క 30 కిలోగ్రాములుండును. దానిని పడుకొనబెట్టినచో నడిమి సన్నని భాగము దెబ్బకు అదరును; కొయ్యమొద్దులో నిలువుగా బిగించినచో బరువంతయు సమ్మెట క్రిందనే నిలుచును. రైల్వే సొత్తును అక్రమముగా కలిగియుండుట 1966 నాటి చట్టము ప్రకారము నేరము. కావున ఆ ముక్కను రసీదుతోనే కొనవలెను.

నేర్పరియైన కమ్మరికి ఆ చిన్న ముక్కయే ఊరి కోతలకు కావలసిన కొడవళ్ళ నన్నిటిని సమకూర్చి పెట్టును.