పూత మీద కొన్న ఆట

మామిడి తోట పూత మీదుండగానే బేరమాడి బయానా ఇచ్చేవాళ్లను మీరు చూసే ఉంటారు. కాయ నిలిస్తే లాభం. గాలివాన వస్తే పెట్టిన డబ్బు రాలిన పిందెలతో సరి. అయినా ఏటా ఎవరో ఒకరు కొంటూనే ఉంటారు. ఆటలను కూడా ఇలా పూత మీద కొంటారంటే నమ్ముతారా? నేను కొన్నాను. ఒకసారి డబ్బు పోయింది, ఒకసారి పంట చేతికొచ్చింది. ఆ రెండూ మీకు చెబుదామనే ఈ నాలుగు మాటలు.

ముందు ఆట సంగతి

అష్టాచెమ్మా, వైకుంఠపాళీ మనకు తెలిసినవే. నేను చెప్పేది కథ ఆట. ఇంగ్లీషులో రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే ‘ఊఁ’ కొట్టేవాళ్లం కదా! ఇందులో ఊఁ కొడితే చాలదు. ‘రాకుమారుడు అడవి దాటి ఏటి ఒడ్డుకు చేరాడు. పడవ లేదు. ఇప్పుడేం చేస్తావ్?’ అని కథ చెప్పేవారు ఆగుతారు. ఆ రాకుమారుడు మీరే. ఈదుతారో, తెప్ప కడతారో మీరే చెప్పాలి. అది నెగ్గుతుందో లేదో పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచికలు కూడా ఉంటాయి ఇందులో! ఈ రకం ఆటలకు పెద్దమ్మ లాంటిది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. తర్వాత ఇదే పద్ధతి కంప్యూటర్ ఆటల్లోకీ పాకింది.

మా ఇంట్లోకి ఇది ఒక వేసవి సెలవుల్లో వచ్చింది. పిల్లల ఆటకు ఒక మనిషి తక్కువైతే ‘అమ్మా, కాసేపు కూర్చోవా’ అన్నారు. కుక్కర్లో పప్పు పెట్టి కూర్చున్నాను. నాటువైద్యం చేసే ముసలమ్మ వేషం నాది. ఆటలో పడి విజిల్స్ లెక్క తప్పాను. ఆ రోజు పప్పు అడుగంటింది! పిల్లలు పెద్ద చదువులకు వెళ్లిపోయినా ఆ సరదా నన్ను వదల్లేదు. ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఆ ఇంగ్లీషు పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. కొత్త ఆటలు ఎక్కడ పుడతాయా అని వెతికితే ఈ చందాల సంగతి బయటపడింది.

చందాలతో పుట్టే ఆటలు

దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారు. పేరు కొత్తదే గానీ పని పాతదే. శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’ సినిమాకు గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేశారు. అది 1976లో విడుదలైంది. ఇప్పుడు ఆ పని ఇంటర్నెట్‌లో జరుగుతోంది. అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ ఇందులో బాగా పేరున్నది.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆట తయారుచేసేవాళ్లు ‘మాకు ఇంత డబ్బు కావాలి, ఫలానా తేదీలోగా’ అని చెబుతారు. మనం నచ్చినంత చందా ఒప్పుకుంటాం. గడువులోగా అడిగిన మొత్తం రాకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. వస్తే మాత్రం అందరి కార్డుల నుంచీ డబ్బు వెళుతుంది. అందులో 5 శాతం కిక్‌స్టార్టర్ తీసుకుంటుంది. చెల్లింపుల ఖర్చు వేరు. చందాను బట్టి కంప్యూటర్లో చదువుకునే పుస్తకమో, అచ్చు పుస్తకమో, బొమ్మలతో సహా పెద్ద పెట్టో ఇస్తామంటారు. అడిగినదానికంటే ఎక్కువ వస్తే ‘ఇంకో కథ కలుపుతాం, మరో నాలుగు బొమ్మలు చేరుస్తాం’ అని ఆశ పెడతారు. మనం మోసపోయేది సాధారణంగా అక్కడే!

పెద్ద కంపెనీలు వద్దన్నవి

ఇంతమంది దీనికి ఎందుకు ఎగబడ్డారు? 1988లో ‘వేస్ట్‌ల్యాండ్’ అని ఒక కథ ఆట కంప్యూటర్ మీద వచ్చింది. దానికి రెండో భాగం చేస్తామంటే ఏళ్ల తరబడి ఏ కంపెనీ డబ్బు పెట్టలేదు. 2012లో జనాన్నే అడిగితే 29 లక్షల డాలర్లు దాకా వచ్చాయి. ఆట 2014లో విడుదలైంది. అదే 2012లో ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’కి 11 లక్షల డాలర్లు అడిగితే 39 లక్షలు పైనే వచ్చాయి. అదీ 2015లో విడుదలై మంచి పేరు తెచ్చుకుంది. మనలాంటి ఆటగాళ్లు లేరనుకున్నవాళ్లకు, ఉన్నామని చెప్పినట్టయింది.

అయితే డబ్బు ఎక్కువ వచ్చినంత మాత్రాన పని తేలికవుతుందనుకోకండి. డబుల్ ఫైన్ అనే సంస్థ 2012లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు వచ్చాయి. డబ్బు పెరిగేసరికి ఆటను కూడా పెంచేశారు. పదిమందికని మొదలుపెట్టిన వంట వందమందికి చేసినట్టయింది. 2012లోనే పూర్తిచేద్దామనుకున్న ఆ ‘బ్రోకెన్ ఏజ్’ రెండు ముక్కలై, మొదటిది 2014లో, రెండోది 2015లో వచ్చాయి.

బల్ల మీద ఆడే ఆటలదీ ఇదే దారి. ‘ఫ్రాస్ట్‌హేవెన్’ అనే పెద్ద పెట్టె ఆటకు 2020లో 83 వేల మంది కలిసి దాదాపు 1 కోటి 30 లక్షల డాలర్లు ఇచ్చారు. పెట్టెలు ఇళ్లకు చేరడం 2022 చివర్లో మొదలైంది.

పిందెలు రాలిన కథ

అన్నీ ఇలా ఆలస్యంగానైనా రావు. 2012లో ఒకాయన ఒక బోర్డ్ గేమ్ కోసం 35 వేల డాలర్లు అడిగితే 1 లక్షా 22 వేలు వచ్చాయి. మరుసటి ఏడే ఆట లేదు పొమ్మన్నాడు. చందా డబ్బును ఇంటి అద్దెకు, సొంత ఖర్చులకు వాడుకున్నాడని అమెరికా ప్రభుత్వ వ్యాపార సంఘం 2015లో కేసు పెట్టింది. క్రౌడ్‌ఫండింగ్ మీద ఆ సంఘం పెట్టిన మొదటి కేసు అదే. వేరే సంస్థ ఒకటి ముందుకొచ్చి ఆ ఆట అచ్చువేసి చందాదారులకు పంపింది, వాళ్ల అదృష్టం.

నాకు ఆ అదృష్టం లేదు. 2019లో ఒక చిన్న ఆటకు 60 డాలర్లు ఒప్పుకున్నాను. మన డబ్బుల్లో నాలుగు వేలు పైమాటే. పాత పేపర్లు అమ్మి, కూరల డబ్బులో మిగిల్చి పోపుల డబ్బాలో దాచుకున్న సొమ్ము మావారి చేతిలో పెట్టి, ఆయన కార్డు మీద కట్టించాను. మొదట్లో వారం వారం కబుర్లు, రంగు రంగుల బొమ్మలు వచ్చేవి. తర్వాత నెలకొకటి. తర్వాత ఏమీ లేదు. ఆట ఇప్పటికీ రాలేదు. మావారు ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది! ‘నీకెందుకివన్నీ’ అని ఎవరూ అనకపోయినా నాకు నేనే అనుకుని, ఏడాది పాటు పాచికలు ముట్టుకోలేదు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, తప్పు సరదాది కాదు, నేను చూసుకోకపోవడానిది అనిపించింది. బొమ్మలు చూశాను గానీ మనుషుల్ని చూడలేదు. పాల పద్దు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీలు విడదీసి, నచ్చిన ఆటల పేర్లు, చెప్పిన తేదీలు, నిజంగా వచ్చిన తేదీలు రాయడం మొదలుపెట్టాను. చందా కట్టకుండా ఊరికే గమనించడం కూడా ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది.

బయానా ఇచ్చేముందు

ఇప్పుడు నేను పాటించేవి ఇవి. మీ ఇంట్లో పిల్లలు ఇలాంటివాటికి డబ్బు అడిగినా పనికొస్తాయి.

1. ఇది కొనుగోలు కాదని గుర్తుంచుకోండి. తాము దుకాణం కాదని కిక్‌స్టార్టరే 2012లో ప్రకటించింది. పోయినా ఇల్లు గడిచేంత డబ్బే పెట్టండి.

2. అడిగేవాళ్లు ఇంతకుముందు ఏం చేశారు, చెప్పిన మాట నిలబెట్టుకున్నారా, పాత చందాదారులు ఏమంటున్నారు, ఇవి చదవండి.

3. నియమాల పుస్తకం ముందే చూపిస్తే సగం నమ్మవచ్చు. బొమ్మలు మాత్రమే చూపిస్తే పూత చూసి మురిసినట్టే.

4. చెప్పిన తేదీకి ఒక ఏడాది కలుపుకోండి. పండుగకో, పుట్టినరోజుకో అందుతుందని పిల్లలకు మాట ఇవ్వకండి.

5. పెట్టె విదేశం నుంచి రావాలంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం ఉంటాయి. ఒక్కోసారి ఆట ధరకు సమానమవుతాయి. కంప్యూటర్లో చదువుకునే పుస్తకానికి ఆ బాధ లేదు.

6. గడువు లోపల మనసు మారితే చందా వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పుకున్నాక రెండు రోజులు ఆగి, మళ్లీ ఒకసారి ఆలోచించండి.

పంట చేతికొచ్చిన రోజు

ఇంత జాగ్రత్త పడ్డాక, రెండేళ్ల కిందట మళ్లీ ధైర్యం చేశాను. ఈసారి కంప్యూటర్లో చదువుకునే చిన్న కథ పుస్తకం, వెయ్యి రూపాయల లోపు. ఎనిమిది నెలలు ఆలస్యమైంది గానీ వచ్చింది. చివరి పేజీల్లో చందాదారుల పేర్లన్నీ వేశారు. చిన్న చిన్న అక్షరాల్లో వందల పేర్లు. వెతికి వెతికి నా పేరు పట్టుకున్నాను. మా పెళ్లి శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో చూసుకోవడం అదే! మావారిని పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, ‘ఇంటిపేరు కూడా వేశారే’ అన్నారు. 2019 నాటి బరువు అప్పుడు దిగింది.

సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు ఆ కథే ఆడాం. ఈసారి కథ చెప్పింది నేను. కుక్కర్ పని మా అబ్బాయికి అప్పగించాను. మీరూ ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని చూడండి. చందాలు, డాలర్లు తర్వాత సంగతి. ఒక పాచిక, ఒక కథ చాలు. ‘ఇప్పుడేం చేస్తావ్?’ అని అడిగేవాళ్లుంటే, చెప్పడానికి మన దగ్గర బోలెడంత ఉంది!