ఎంత ఇచ్చావమ్మా?

మొన్న జూన్‌లో ఒక ఆదివారం. మాస్గీల్‌లో స్నేహితురాలింట్లో భోజనాలు చేసి, కబుర్లలో పడి, బయల్దేరేసరికి ఐదు దాటింది. ఈ డునెడిన్ చలికాలంలో ఐదంటే చీకటే. మోటర్‌వే మీద కావర్‌షమ్ దాకా వచ్చామో లేదో, వెనక ఎరుపూ నీలం లైట్లు. కారు పక్కకి తీసి ఆపాను. ఒంగోల్లో పెరిగిన అలవాటు కొద్దీ లైసెన్సు చేత్తో పట్టుకుని, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టాను. మన దగ్గర అదే కదా మర్యాద. ఎస్సైగారు మన బండి దగ్గరికి రారు, మనమే కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాలి.

"కార్లోనే ఉండండి!" అని వెనకనుంచి గట్టిగా కేక.

కాలు లోపలికి లాక్కున్నాను. అదే సమయంలో వెనక సీట్లో మా అత్తగారు హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి గబగబా వెతుకుతున్నారు. టార్చి వెలుగు ముందు నా మీద పడి, తరవాత ఆవిడ చేతి దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "బ్యాగులోంచి చెయ్యి బయటికి తియ్యమనండి" అన్నాడు పోలీసు. ఈసారి కేక లేదు, మెల్లగానే అన్నాడు. "అత్తయ్యా, చెయ్యి తీసెయ్యండి" అన్నాను. ఆవిడ తీశారు. చేతిలో ఇరవై డాలర్ల నోటు.

తరవాతంతా మామూలే. ఊపిరి పరీక్ష చేశాడు, లైసెన్సు చూశాడు, వెనక లైటు ఒకటి వెలగడం లేదు, బాగు చేయించుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. మొత్తం ఆరు నిమిషాలు.

"ఎంత ఇచ్చావమ్మా?" అన్నారు అత్తగారు. ఏమీ ఇవ్వలేదంటే ఇల్లు చేరేదాకా నమ్మలేదు.

నవ్వుకున్నాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్క సీట్లో కూచున్న మావాడికి ఇంకో రెండు నెలల్లో పదహారు నిండుతాయి. లెర్నర్స్ లైసెన్సుకి అదే వయసు. ఆ తరవాత ఎన్నాళ్ళకో వాడొక్కడే ఈ రోడ్డు మీద ఉంటాడు, వెనక ఆ లైట్లు వెలుగుతాయి. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఈ భయంతోనే ఏళ్ళ తరబడి కాపురం చేస్తోంది. "మీ దేశంలో పోలీసుల దగ్గర తుపాకులుండవుగా, నీకేం" అంటుంది. సగం నిజం. ఇక్కడ మామూలు పోలీసు నడుముకి పెప్పర్ స్ప్రే, టేజర్ ఉంటాయి. పిస్తోలు కారులో పెట్టెలో తాళం వేసి ఉంటుంది.

ఆ తాళం గురించి ఇక్కడ పెద్ద తగవే నడిచింది. 2019 అక్టోబరు నుంచి ఆర్నెల్లు, మూడు ప్రాంతాల్లో ఎప్పుడూ ఆయుధాలతో తిరిగే బృందాలను పెట్టి చూశారు. ప్రజలు, ముఖ్యంగా మావోరీలు గట్టిగా వద్దన్నారు. 2020 జూన్ 9న కమిషనర్ ఆండ్రూ కోస్టర్ ఆ ఆలోచన మానేస్తున్నామని ప్రకటించాడు. సరిగ్గా పది రోజులకి, జూన్ 19న, ఆక్లండ్‌లోని మాస్సీలో మాథ్యూ హంట్ అనే కానిస్టేబుల్‌ని ఒక కారు ఆపే పనిలో ఉండగా కాల్చి చంపారు. 28 ఏళ్ళవాడు. చేతిలో తుపాకీ లేదు. కాబట్టి మావాడి కారు వైపు నడిచి వచ్చే పోలీసు మనసులో ఆ పేరు ఉంటుంది. నా చేతిలోది లైసెన్సో కాదో అతనికి తెలీదు. మనం భయపడుతున్నామని మనకి తెలుసు గానీ, అతనూ భయపడుతున్నాడని మనకి తట్టదు.

ఇక్కడి పోలీసులకు ఈ అంచనా వేసుకోవడానికి ఒక పద్ధతి నేర్పుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో టీ-ఈ-ఎన్-ఆర్ అంటారు. ముప్పు ఏమిటి, దానివల్ల ఎవరికి ఎంత హాని, ఇప్పుడే కలగజేసుకోక తప్పదా, కలగజేసుకుంటే ఎంతవరకు. నా తలుపు తెరుచుకున్నప్పుడూ, అత్తగారి చెయ్యి బ్యాగులో ఉన్నప్పుడూ అతను వేసుకున్న లెక్క ఇదే అయివుంటుంది. ముందు కేక వేశాడు, తరవాత ఆగాడు, చూశాడు, మెల్లగా అడిగాడు. ఆ ఆగడం లేకపోతే ఏమవుతుందో చెప్పే కథలు రెండున్నాయి. రెండూ అమెరికావే, రెండూ మనింటి కథల్లా ఉంటాయి.

మొదటిది షుగరు కథ. 1984 నవంబరులో నార్త్ కరొలైనాలోని షార్లట్‌లో డెథార్న్ గ్రహమ్ అనే ఆయనకి షుగరు పడిపోతున్నట్టు అనిపించింది. స్నేహితుడి కార్లో దుకాణానికి వెళ్ళాడు, నారింజ రసం కొనుక్కోవాలని. లోపల పెద్ద క్యూ. ఇక ఆగలేక పరుగున బయటికొచ్చి కారెక్కాడు. అది చూసిన కానర్ అనే పోలీసుకి అనుమానం వచ్చింది, దుకాణంలో ఏదో చేసి పారిపోతున్నాడని. వెంబడించి కారు ఆపించాడు. స్నేహితుడు షుగరని చెప్తూనే ఉన్నాడు. ఇంకా పోలీసులు వచ్చారు. తాగి ఉన్నాడన్నారు, సంకెళ్ళు వేశారు, ఇంకో స్నేహితుడు నారింజ రసం తెస్తే ఇవ్వనివ్వలేదు. పాదం ఎముక విరిగింది. చివరికి దుకాణంలో ఏమీ జరగలేదని కబురు వచ్చాక ఇంటి దగ్గర దింపి వెళ్ళారు.

ఆ కేసులోనే 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. పోలీసు బలప్రయోగం సబబా కాదా అన్నది, ఆ క్షణంలో అక్కడున్న సమంజసమైన పోలీసు కళ్ళతో చూడాలి, జరిగిపోయాక తెలిసిన సంగతులతో కాదు అని. ఇప్పటికీ అక్కడ అదే కొలబద్ద. సగం న్యాయంగానే తోస్తుంది నాకు. మిగతా సగం మింగుడు పడదు. తెలియకపోవడం వేరు, చెప్తున్నా వినకపోవడం వేరు. మా అత్తగారికీ షుగరే. బ్యాగులో ఎప్పుడూ గ్లూకోజు బిస్కెట్లుంటాయి. ఆ రాత్రి ఆవిడ వాటి కోసమే వెతుకుతూ ఉండవచ్చు.

రెండోది 2015 ఫిబ్రవరిలో, అలబామాలోని మాడిసన్‌లో. కారు కాదు, కాలినడక. గుజరాత్ నుంచి మనవడిని చూసుకోవడానికి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ కొడుకు ఇంటి వీధిలోనే నడుస్తున్నాడు. 57 ఏళ్ళు, ఇంగ్లీషు రాదు. ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. ఇంగ్లీషు రాదని ఆయన చెప్పగలిగిన రెండు ముక్కల్లో చెప్పాడు. ఎరిక్ పార్కర్ అనే పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. మెడ దగ్గర వెన్నుకి దెబ్బ తగిలి పాక్షికంగా పక్షవాతం వచ్చింది. రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, చివరికి జడ్జి పార్కర్‌ని నిర్దోషిగా విడిచిపెట్టాడు. మన అమ్మానాన్నలూ అత్తమామలూ పొద్దున్నే వాకింగుకి వెళ్ళే వీధులే అవి.

న్యూజిలాండ్ చట్టం మాటలు కాస్త వేరు. 1961 నాటి క్రైమ్స్ యాక్ట్ ప్రకారం, ఎదురు తిరిగేవాళ్ళని అదుపు చెయ్యడానికి కావలసినంత బలం వాడవచ్చు, అంతకన్నా తక్కువ హింసతో పని జరిగే వీలుంటే కుదరదు. మితిమీరితే ఆ నేరం పోలీసుదే. ఫిర్యాదులకు ఐపీసీఏ అని పోలీసులతో సంబంధంలేని సంస్థ ఉంది, 1989 నుంచి పనిచేస్తోంది. కాగితం మీద బాగానే ఉంది. 2024లో వచ్చిన ఒక పరిశోధన మాత్రం, మిగతా వివరాలన్నీ సమానమైనా, మావోరీ అయినంత మాత్రాన కేసు పెట్టే అవకాశం తెల్లవాళ్ళకన్నా 11 శాతం ఎక్కువని తేల్చింది. మన పిల్లల రంగు ఏమిటో నేను గుర్తు చెయ్యక్కరలేదు.

మావాడికి చెప్పవలసినవి రాసి పెట్టుకున్నాను. పోలీసు ఆపమంటే ఆపాలి. కారణం లేకుండానే ఊపిరి పరీక్ష చెయ్యవచ్చు, వాదించొద్దు. పేరు, చిరునామా, పుట్టినతేదీ అడిగితే చెప్పాలి. అవి తేల్చుకోవడానికి ఆపి ఉంచేది 15 నిమిషాలు మించకూడదు. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, లాయరుతో మాట్లాడనివ్వాలి, ఫోన్లో ఉచితంగా లాయరు దొరుకుతారు. అన్నిటికన్నా ముందు ఇంజను ఆపు, లోపలి లైటు వెయ్యి, చేతులు స్టీరింగు మీద పెట్టు, ఏదైనా తియ్యాలంటే "తీస్తున్నాను" అని చెప్పి తియ్యి. అతనికి చూడ్డానికి టైమివ్వు. ఆ టైమిచ్చినా వాడుకోని వాడు దొరికితే తప్పు నీది కాదు, ఇంటికొచ్చి నాకు చెప్పు.

మొన్న శనివారం గరాజు ముందు ఆపి ఉన్న కార్లో వాణ్ణి కూచోబెట్టి, నేను టార్చి పట్టుకుని పోలీసునై అద్దం తట్టాను. వాడు నవ్వాపుకుంటూ చేతులు స్టీరింగు మీద పెట్టాడు. వెనక సీట్లో అత్తగారు నేను అడగకుండానే రెండు అరచేతులూ ముందు సీటు మీద పెట్టి, "ఇరవై సరిపోతుందా, యాభై తియ్యనా?" అన్నారు.