తలాఖ్ తర్వాత పింఛను: ఆమె వాటా ఏది?

నవంబరు నెల వచ్చిందంటే సికింద్రాబాద్ బ్యాంకుల్లో విశ్రాంత ఉద్యోగుల సందడి మొదలవుతుంది. బతికే ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇస్తేనే పింఛను సాగుతుంది. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్‌లోనూ అయిపోతోంది గాని, పెద్దలకు బ్యాంకుకు వెళ్ళే అలవాటు పోలేదు. వారిలో రైల్వేవారే ఎక్కువగా కనిపిస్తారు. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాదే ప్రధాన కేంద్రం. లాలాగూడ వర్క్‌షాపు అంతకన్నా ఎంతో ముందుది, నిజాం కాలం నాటిది. తాత, తండ్రి, కొడుకు అంతా రైల్వే జీతంతోనే బతికిన ఇళ్ళు మన మొహల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

పింఛను పుస్తకం మీద ఉండేది ఒక్క పేరే. మరి దాని వెనుక ఉన్న కష్టం ఒక్కరిదేనా? రాత్రి డ్యూటీకి వెళ్ళే మనిషికి వేళకు అన్నం కట్టి ఇచ్చిందెవరు? బదిలీ అయినప్పుడల్లా సామాను సర్ది, పిల్లల చదువు చూసి, అత్తామామలకు చివరిదాకా సేవ చేసిందెవరు? ముప్పై ఏళ్ళు అలా గడిపిన ఇల్లాలికి అరవయ్యో ఏట తలాఖ్ ఇస్తే ఆమెకు మిగిలేదేమిటి? ఇది ప్రతి కుటుంబమూ ఆలోచించవలసిన ప్రశ్న.

ముందు నిబంధనల సంగతి తెలుసుకుందాం. రైల్వేలోగాని, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలోగాని భర్త మరణిస్తే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. సాధారణంగా అది చివరి మూల వేతనంలో 30 శాతం. ధర్మబద్ధంగా ఇద్దరు భార్యలు ఉంటే ఇద్దరికీ సమాన వాటాలు. కాని తలాఖ్ పొందిన భార్యకు అందులో ఒక్క పైసా రాదు. నిబంధనల దృష్టిలో ఆమె ఇక ఆ కుటుంబ సభ్యురాలు కాదు. ఆమె కన్న పిల్లల హక్కు మాత్రం తలాఖ్‌తో పోదు.

బ్రిటన్‌లో 2000 డిసెంబరు నుంచి విడాకుల సమయంలో న్యాయస్థానం పింఛనునే ఇద్దరికీ పంచే ఏర్పాటు ఉంది. మన దేశంలో అలా పంచే చట్టం ఏ మతం భార్యకూ లేదు. ముస్లిం దేశాలూ ఈ సమస్యను గుర్తించాయి. మలేషియాలో దంపతులు కలిసి కూడబెట్టిన ఆస్తిని షరీఅత్ న్యాయస్థానాలే పంచుతాయి. ఈజిప్టు 1985 చట్టం ప్రకారం, తన తప్పు లేకుండా, తన ఇష్టం లేకుండా తలాఖ్ పొందిన స్త్రీకి కనీసం రెండేళ్ళ పోషణ ఖర్చుకు సమానమైన మతా చెల్లించాలి.

మతా అంటే ఏమిటి? తలాఖ్ పొందిన స్త్రీకి భర్త మర్యాదగా సమకూర్చే జీవన సామగ్రి. సూరె బఖరా 241వ ఆయత్ దీన్ని దైవభీతి గలవారి బాధ్యతగా చెబుతోంది. దాంపత్యం గడిచి, మహర్ నిర్ణయమై ఉన్న స్త్రీ విషయంలో హనఫీ ఫిఖ్ దీన్ని ముస్తహబ్ అంటుంది, షాఫయీ ఫిఖ్ వాజిబ్ అంటుంది. అయితే ఎంత ఇవ్వాలనేది భర్త తాహతును బట్టి అన్నది అదే సూరాలోని 236వ ఆయత్ నేర్పే సూత్రం. ఇస్లాంలో భర్త సంపాదన భర్తది, భార్య సంపాదన భార్యది. కాబట్టి పింఛనులో సగం తనంతట తానే ఆమెది అయిపోతుందని చెప్పలేం. కాని తాహతు లెక్క వేసేటప్పుడు పింఛనును పక్కన పెట్టి లెక్క వేయడం న్యాయమా?

ఒక ఉదాహరణ చూద్దాం. చివరి మూల వేతనం 50 వేలు ఉన్న ఉద్యోగి పూర్తి పింఛను 25 వేలు. అందులో 40 శాతాన్ని అరవయ్యో ఏట ఒకేసారి నగదుగా మార్చుకుంటే సుమారు 9 లక్షల 83 వేల రూపాయలు చేతికొస్తాయి. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ వేరు. ఇన్ని లక్షలు అందుకున్న మనిషి "ఇద్దత్ ఖర్చు ఇచ్చేశాను, నా బాధ్యత తీరింది" అంటే ఏమనాలి? ఆ వయసు స్త్రీకి ఇద్దత్ మూడు చాంద్రమాన మాసాలే. ముప్పై ఏళ్ళ కాపురానికి మూడు నెలల గ్రాసమా!

చట్టం కూడా అలా అనడం లేదు. 1986 చట్టం కింద భర్త ఇద్దత్ లోపల చేయవలసిన న్యాయమైన ఏర్పాటు ఆమె భవిష్యత్తు మొత్తానికి సరిపోవాలని డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు 2001 సెప్టెంబరు 28న తీర్పు చెప్పింది. మన తెలంగాణ నుంచే వెళ్ళిన అబ్దుల్ సమద్ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేల మధ్యంతర భరణం విధించగా, హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. 1986 చట్టం ఉండగా సాధారణ చట్టం కింద భరణం అడగరాదని భర్త వాదించాడు. ఆ వాదనను సుప్రీంకోర్టు 2024 జూలై 10న తోసిపుచ్చింది. పింఛనును అప్పులవాళ్ళు జప్తు చేయకుండా 1871 నాటి చట్టం కాపాడుతుంది. కాని భార్య అప్పులిచ్చినవారి కోవలోకి రాదని, భరణం కోసం పింఛను నుంచి రాబట్టవచ్చని బొంబాయి హైకోర్టు చెప్పింది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. నెలనెలా వచ్చే భరణం భర్త ప్రాణంతో ముడిపడినది. అతను కన్నుమూస్తే పింఛనూ ఆగుతుంది, భరణమూ ఆగుతుంది. కుటుంబ పింఛను ఎలాగూ ఆమెకు రాదు. అందుకే వృద్ధురాలి విషయంలో ఒకేసారి ఇచ్చే సొమ్ముగాని, తలదాచుకునే గదిగాని మేలు.

తలాఖ్ లేక ఖులా మాటలకు కూర్చునే పెద్దలకు నా మనవి ఇది. మొదట బాకీ ఉన్న మహర్ తేల్చండి, అది అప్పు. తర్వాత పింఛను ఎంత, నగదుగా మార్చుకున్నదెంత, గ్రాట్యుటీ, ఫండు ఎంత అని కాగితాలు ముందు పెట్టించి లెక్క చూడండి. ఎన్నేళ్ళు కాపురం చేసిందో, ఎవరెవరికి సేవ చేసిందో గుర్తుంచుకుని మతా నిర్ణయించండి. ఒప్పుకున్నది రాయించి, సాక్షుల సంతకాలు తీసుకోండి. నోటిమాట నాలుగు రోజులకు మారిపోతుంది.

ఆడపిల్లల తండ్రులకూ ఒక మాట. విడాకులు పొంది పుట్టింటికి చేరిన, వేరే ఆధారం లేని కూతురికి, తల్లి లేనప్పుడు తండ్రి కుటుంబ పింఛను వచ్చే అవకాశం ఉంది. అయితే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు బతికి ఉండగానే విడాకులు పూర్తి కావాలి, లేదా కనీసం కోర్టులో దావా పడి ఉండాలని 2017 ఉత్తర్వు చెబుతోంది. కాబట్టి తలాఖ్ జరిగిందని ఊరకుండక, కాగితాలు సకాలంలో సిద్ధం చేసుకోవాలి.

విడిపోయేటప్పుడు కూడా ఒకరిపట్ల ఒకరు ఔదార్యం మరువవద్దని మన ధర్మం నేర్పుతోంది. కలిసి తిన్న ముప్పై ఏళ్ళ ఉప్పుకు విలువ కట్టలేం. కనీసం ఆ వృద్ధురాలు రేపు పరాయి గుమ్మంలో చేయి చాచకుండా చూడగలం. అంతపాటి న్యాయం చేసే మనసు అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.