మూతబడిన చక్కెర కర్మాగారం, కార్మికుల వేతన బకాయిలు: ముత్యంపేట ఆధారంగా ఒక పరిశీలన

జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి సమీపంలోని ముత్యంపేట చక్కెర కర్మాగారం, నిజాం పాలనలో 1937లో బోధన్‌లో ఆవిర్భవించిన నిజాం షుగర్స్ సంస్థకు చెందిన యూనిట్. 2002లో బోధన్, మెదక్, మెట్‌పల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ చేతికి వెళ్లాయి. అందులో 51 శాతం వాటా ప్రైవేటు భాగస్వామిది, 49 శాతం ప్రభుత్వానిది. 2015 డిసెంబరులో యాజమాన్యం మూడు చోట్లా లే ఆఫ్ ప్రకటించింది. 2017లో వ్యవహారం హైదరాబాదులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. 2019 జూన్‌లో ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు, అనగా ఆస్తులను అమ్మి అప్పులు తీర్చే ప్రక్రియకు, ఆదేశించింది.

ఈ తేదీలను ఇంత వివరంగా పేర్కొనడానికి కారణం ఉంది. దివాలా తీసిన సంస్థ నుండి జీతం రాబట్టుకోవడంలో బకాయి ఎంత అన్నదాని కంటే అది ఏ నెలలది అన్నదే కీలకం.

2016 నాటి దివాలా స్మృతి 53వ సెక్షన్ అమ్మకపు సొమ్మును పంచే వరుసను నిర్దేశిస్తుంది. మొదట ప్రక్రియ ఖర్చులు. ఆ తరువాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు హక్కును వదులుకున్న రుణదాతల అప్పులు సమాన స్థాయిలో నిలుస్తాయి. వాటి వెనుక ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు. ప్రభుత్వానికి రావలసిన పన్నులు ఇంకా దిగువన ఉంటాయి. పైకి ఇది శ్రామికునికి అనుకూలమైన వరుసే. అయితే ఆ 24 నెలలను లిక్విడేషన్ ప్రారంభమైన తేదీ నుండి వెనక్కి లెక్కిస్తారు. ముత్యంపేట విషయంలో ఆ లెక్క 2017 జూన్ దగ్గర ఆగిపోతుంది. గేటు మూసిన 2015 డిసెంబరును అది చేరుకోదు. ఒళ్లు వంచి పనిచేసిన నెలలకు కూలి బాకీ ఉంటే దానికి ఈ ప్రాధాన్యం దక్కదు. ప్రాధాన్యం దక్కే నెలల్లో పనే లేదు. పాత బాకీ రద్దు కాదు గాని, సొమ్ము అరుదుగా చేరే చివరి వరుసల్లోకి జారుతుంది. విచారణ ఎంత ఆలస్యమైతే కార్మికునికి అంత నష్టం. ఈ వ్యాసకర్త దృష్టిలో స్మృతిలోని ప్రధాన లోపం ఇదే.

పని లేని నెలలకు హక్కు లేదా అంటే, ఉంది. అప్పటికి అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లే ఆఫ్ కాలానికి మూలవేతనంలోనూ కరువు భత్యంలోనూ సగం పరిహారంగా చెల్లించాలి. పెద్ద కర్మాగారంలో ముందస్తు అనుమతి లేని లే ఆఫ్ చెల్లదు. అప్పుడు పూర్తి వేతనం రావాలి. కాని ఈ నియమాలు సీజను పరిశ్రమలకు వర్తించవు. చెరకు క్రషింగ్ కొన్ని నెలలే సాగుతుంది కనుక చక్కెర మిల్లుల విషయంలో ఈ ప్రశ్న తప్పదు. వివాదం వస్తే ప్రభుత్వ నిర్ణయమే అంతిమం. ముత్యంపేటలో ప్రభుత్వం వాటాదారు కూడా కావడం గమనార్హం.

పదాల సంగతి కూడా ఇక్కడ చూడాలి. తెలుగు వాడుకలో 'ఉద్యోగి' అన్నది కాస్త గౌరవం కలిగిన మాట. ఈ వరుసలో మాత్రం 'కార్మికుడు' అనిపించుకున్నవానికే 24 నెలలు. అప్పట్లో నెలకు 10,000 రూపాయలకు మించి జీతం పొందే సూపర్‌వైజరును పై చట్టం కార్మికునిగా పరిగణించేది కాదు.

భవిష్యనిధి, పింఛను, గ్రాట్యుటీ నిధుల నుండి కార్మికులకు రావలసిన మొత్తాలు ఈ పంపకంలో చేరవు. 36వ సెక్షన్ వాటిని లిక్విడేషన్ ఆస్తి నుండి మినహాయించింది. ఏబీజీ షిప్‌యార్డు కార్మికుల కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీనిని ధ్రువీకరించింది. దివాలా పరిష్కార కాలపు జీతాలు ప్రక్రియ ఖర్చుల కింద ముందుగా రావాలంటే సంస్థ నడుస్తూ ఉండాలనీ, కార్మికుడు నిజంగా పనిచేసి ఉండాలనీ అదే తీర్పు చెప్పింది. తాళం వేసిన మిల్లులో ఈ షరతు నెరవేరడం కష్టం.

2016 నాటి లిక్విడేషన్ నిబంధనల ప్రకారం కార్మికుడు ఫారం-ఇ ద్వారా, అందరి తరఫున ప్రతినిధి ఫారం-ఎఫ్ ద్వారా క్లెయిము దాఖలు చేయాలి. నియామక పత్రం, జీతపు చీటీ, బ్యాంకు పాసుబుక్కు, భవిష్యనిధి ఖాతా వివరాలు ఇక్కడ అక్కరకు వస్తాయి. క్లెయిము రాకపోయినా కంపెనీ లెక్కల పుస్తకాల ఆధారంగా లిక్విడేటరు దానిని అంగీకరించవచ్చు. తిరస్కరిస్తే 14 రోజులలోగా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి.